నాలుగు బొమ్మల కుస్తీ

నారాయణయ్య దుక్కికొక చాలు చొప్పున పక్కచేను సుబ్బన్న గట్టు తినేశాడు. ఏళ్ల తరబడి తింటూనే వచ్చాడు. ఉదయగిరిలో ఈ సంగతి తెలియనివాడు లేడు, తెలిసినవాడొక్కడూ నోరు విప్పలేదు. అట్లా పన్నెండు సెంట్ల మెట్ట తిని, చివరికి సుబ్బన్న చేని అంచున ఉన్న బావి కూడా తనదేనన్నాడు. ఆ మాట మీదే ఇద్దరూ చెంచయ్య శెట్టి అంగట్లో తగులుకున్నారు.

“ఆ బావి మా నాయన తవ్వించినాడు. అది నువ్వు తీసుకుంటే నా గొర్రెలు ఏడ తాగాల?” అన్నాడు సుబ్బన్న.

“నీ గొర్రెలకు నేనేమన్నా మేనమామనా, నన్నడగతావు?”

సుబ్బన్న తలగుడ్డ తీసి నడుముకు బిగించాడు. నారాయణయ్య చెప్పులు విడిచాడు.

ఇంగువ పొట్లం కడుతున్న చెంచయ్య చెయ్యి ఆపాడు. “తన్నుకునేటట్టయితే వీధిలో తన్నుకోండి, నాకు గిరాకీ పోతాది. కోర్టుకు పోయినారా, బాగుపడేది ఆత్మకూరు బస్సోడు. ఇదో, ఈ కాగితంలో ఇద్దరు తన్నుకుంటా ఉండారు. మీ బదులు వీళ్లని తన్నుకోనీండి.”

అది మద్రాసు నుంచి చిత్తుకాగితాల మోపులో వచ్చిన ఇంగ్లీషు బొమ్మల పుస్తకం. శెట్టి దాని పేజీలను అడ్డంగా పట్టీలు పట్టీలుగా చించి పొట్లాలకు వాడుతున్నాడు. ఈ పొట్లం పైకి ఒక్క బొమ్మే కనిపిస్తోంది. మెడకు ఎర్రగుడ్డ కట్టుకున్నవాడొకడు, ఇనుప ముసుగు తొడుక్కున్న భారీ మనిషి ఒకడు. చేతులు మెలేసుకుని, తలకు తల ఆనించి తోసుకుంటున్నారు. వాళ్ల చుట్టూ పసుపుపచ్చ మెరుపులు.

“ఏందిరా ఈ ఎర్రగుడ్డోడు, లాగు మీద చెడ్డీ ఏసుకున్నాడు,” అన్నాడు నారాయణయ్య.

“కొట్లాట అని కబురొస్తే తొందరలో బయల్దేరినాడేమోలే,” అన్నాడు శెట్టి. “చెరొకణ్ణి కోరుకోండి. మీవాడు గెలిస్తే ఆ పన్నెండు సెంట్లూ, బావీ మీవి. మిగతా బొమ్మలు మడతలో ఉండాయి. చించేటప్పుడు నేనూ చూళ్లేదు.”

సుబ్బన్న సంతలో పొట్టేలును చూసినట్టు ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. “నాకు ఎర్రగుడ్డోడు. పొట్టేలుకు కొమ్ములు చూడకూడదు, మెడ చూడాల. వాడి మెడ చూడండి, మద్దిమానులాగా ఉండాది.”

“గుడ్డ కట్టుకున్నోడు ఇనుముతో ఏం తలపడతాడు? నాకు ముసుగోడు,” అన్నాడు నారాయణయ్య. “శెట్టీ, ఇంక విప్పు.”

“శెట్టి వద్దు. నీ చెనక్కాయలు కొనేది ఆయనే,” అన్నాడు సుబ్బన్న. “దస్తగిరి సాయిబు చెప్పాల. ఈ ఊళ్లో అబద్ధం ఆడనోడు ఆయనొక్కడే.”

ఎదురుగా అత్తరు కొట్టు అరుగు మీద ఉర్దూ పత్రిక చదువుకుంటున్న దస్తగిరి సాయిబును సుబ్బన్నే పోయి పిలుచుకొచ్చాడు. సంగతి విని సాయిబు గడ్డం నిమురుకున్నాడు.

“నాకు ఇంగ్లీషు రాదు. తెలుగు కూడా మాట్లాడేదే గానీ చదవలేను.”

“బొమ్మలకు భాషెందుకు సాయిబూ? చూసి చెప్పు.”

శెట్టి గోతంలోంచి గుప్పెడు ఉప్పు తీసింది కూడా సుబ్బన్నే. దాన్ని అరచేతిలో పోసుకుని, ఒట్టుగా నారాయణయ్య చెయ్యి దాని మీద వేయించుకున్నాడు. “సాయిబు చెప్పినాక ఎదురు మాట్లాడినోడు ఉప్పు తిన్నోడు కాదు,” అన్నాడు. నారాయణయ్య తలూపాడు.

సాయిబు ఇంగువను తక్కెట్లో వేసి మడతలు విప్పాడు. ఒకే వరుసలో నాలుగు బొమ్మలు. కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. అంగడి ముందు చేరినవాళ్లంతా ఆయన మొహం వంకే చూస్తున్నారు.

“ముసుగు మనిషి నేల మీద పడి ఉండాడు. ఎర్రగుడ్డ మనిషి వాడి మీద నిలబడి ఉండాడు.”

సుబ్బన్న మీసం మీద చెయ్యి వేశాడు.

“ఎర్రగుడ్డ మనిషి వాణ్ణి తలపైకి ఎత్తినాడు. వెనకాల గోడ కూలతా ఉండాది.”

“ఇంక ఇసిరెయ్యడమే,” అన్నారెవరో.

“ముసుగు మనిషి దిగి చేతులు పట్టుకున్నాడు. ఇది మీరు చూసిన బొమ్మే.” సాయిబు ఆగాడు.

“చెప్పు సాయిబూ.”

“ఎర్రగుడ్డ మనిషి వెల్లకిలా పడినాడు. ఆయన రొమ్ము మీద ముసుగు మనిషి కాలు ఉండాది. అంతే. ఆఖరు.”

సుబ్బన్న చేతిలో ఉప్పు అట్లాగే ఉంది. నారాయణయ్య దాన్ని తీసుకుని పైపంచె కొంగున ముడివేసుకున్నాడు. “రేపు పొద్దున మోట కడతాను. నీ గొర్రెల్ని ఆ పక్కకు రానీయబాకు,” అని చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

“అంత మెడ ఉండాదే,” అన్నాడు సుబ్బన్న. ఎవరితో అంటున్నాడో అతనికే తెలియలేదు.

సాయిబు అతని భుజం మీద చెయ్యి వేశాడు. “ఉన్నదే చెప్పినాను బిడ్డా.”

“నిన్ను అనేదేముండాది సాయిబూ. పిలిచింది నేనే కదా.”

చెంచయ్య ఇంగువను మళ్లీ పొట్లం కడదామని కాగితం పీట మీద పరిచాడు. పరిచి, వంగి చూశాడు. ఇంకోసారి చూశాడు.

“ఇదేంది? ఎర్రగుడ్డోడు మొదట కదా కింద పడింది. లేచి, చేతులు పట్టి, ముసుగోణ్ణి ఎత్తి ఏసినాడు. ఆఖరి బొమ్మలో పడి ఉండాది ముసుగోడు.”

సుబ్బన్న తలెత్తి వీధిలోకి చూశాడు. వీధి మలుపులో నారాయణయ్య అప్పటికే కనిపించడం లేదు.

“సాయిబూ, నువ్వు ఏడ మొదలుపెట్టి చెప్పినావు?”

“ఏడ అంటే, మొదటి నుంచే,” అన్నాడు దస్తగిరి సాయిబు. రోజూ తన ఉర్దూ పత్రిక మీద పెట్టినట్టే, ఏ అనుమానమూ లేకుండా, కాగితం కుడి చివర వేలు పెట్టాడు. ఆ వేలి కింద సుబ్బన్నకు పోయింది పన్నెండు సెంట్ల మెట్ట, బావితో సహా.