తలుపుకు కట్టిన తాడు

వెనకాల వీధి తలుపు మూసుకున్న చప్పుడైంది. ఆ వెంటనే తాడు ముడి బిగిస్తున్న చప్పుడు.

సూదమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. గబగబా మెట్లెక్కసాగింది.

ఆవిడ అసలు పేరు ఆ ఇంట్లో ఎవరికీ అక్కర్లేకపోయింది. పొద్దున ఆరింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా ల్యాబులో జనానికి సూదులు గుచ్చి రక్తం తీయడమే పని కాబట్టి, నాలుగంతస్తుల వాళ్ళూ కలిసి ఈ పేరు ఖాయం చేశారు. ఎంత సన్నటి నరమైనా ఆవిడ చేతికి ఇట్టే దొరికేది. అలాంటి చెయ్యి, సొంత వాటా తాళం తీయడానికి మాత్రం గడగడ వణికేది.

కారణం తాడు తాత.

వీధి తలుపు లాక్ ఆవిడ అద్దెకు దిగిన నాటికే పాడై ఉంది. తోస్తే చాలు, దారిన పోయే దానయ్యకైనా తెరుచుకునేది. అందరూ పనులకు పోయి, మెట్ల మీద పిల్లి కూడా కనపడని వేళ ఈ ముసలాయన ఎక్కడినుంచో ఊడిపడేవాడు. కింది మెట్టు మీద కూర్చుని, తలుపు పిడిని మెట్ల కమ్మీకి నైలాను తాడుతో కట్టేవాడు. తట్టిన వాళ్ళ మొహం సందులోంచి చూసి, విప్పి, లోపలికి రానిచ్చి, మళ్ళీ కట్టేవాడు.

అంటే ఆ నిమిషాన లోపల ఉండేది ఇద్దరే. ఆవిడా, ఆయనా.

"ఎవరండీ మీరు? ఎవరి తాలూకు?" అని మొదటి రోజే అడిగింది.

"పైకెళ్ళి గడియ వేసుకో అమ్మా" అన్నాడు. మళ్ళీ తాడు ముడి వేసుకోసాగాడు.

మూడో అంతస్తు మలుపులో బల్బు లేదు. పట్టపగలే చీకటి. ఆ రోజు అక్కడ తాళంచెవి చేజారింది. వంగి తడుముకుంటూ ఉంటే కిందనుంచి గొంతు వినిపించింది.

"గడియ చప్పుడు కాలేదేం అమ్మా?"

సూదమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. రోజూ తన గడియ చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని వింటున్నాడన్నమాట!

సాయంత్రమే ఓనరు దగ్గరికి పరిగెత్తింది. ఆయన ఈ ఇల్లు కొని రెండేళ్ళు. అద్దెకున్న వాళ్ళంతా ఆ తరవాత దిగినవాళ్ళే.

"ఎవడో పిచ్చివాడమ్మా, నేనెప్పుడూ చూడలేదు" అన్నాడు ఓనరు. "ఒక కాగితం రాసివ్వు. రేపటికల్లా లేకుండా చేస్తా. ఊఁ, రాయి. 'వీధి తలుపు లాక్ బాగానే ఉంది. ఈ మనిషి వల్లే భయం.'"

"లాక్ బాగా లేదు కదండీ?"

"బాగు చేయిస్తాంలే! రెండూ కలిపి రాస్తే పోలీసులు పట్టించుకోరు. నీకు వాడు పోవాలా, వద్దా?"

పోవాలి. కళ్ళు మూసుకుని సంతకం పెట్టేసింది.

మర్నాడు పోలీసు వచ్చి భుజం పట్టుకుంటే తాత ఎదురు చెప్పలేదు. తాడు మాత్రం చుట్ట చుట్టి ఆవిడకు అందించాడు.

"ఇక నువ్వే కట్టుకోవాలమ్మా."

ఆవిడ దాన్ని చెత్తబుట్టలో పడేసింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

అయిదో రోజు మధ్యాహ్నం వీధి తలుపు తోసుకుని వచ్చింది. రెండో అంతస్తు దాటాక వెనకాల అడుగుల చప్పుడు. ఆగింది. అవీ ఆగాయి.

"తాతా... మీరేనా?"

అడుగులు మళ్ళీ కదిలాయి. ఆయనే అయితే బాగుండునని ఆవిడకు అనిపించడం అదే మొదటిసారి.

జ్వరంతో ఇంట్లో ఉండిపోయిన పైవాటా టైలరు కేకలు విని, కత్తెర పట్టుకుని దిగాడు కాబట్టి ప్రాణం దక్కింది. వచ్చినవాడు పారిపోయాడు. సూదమ్మ కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. ఇక ఆ చేతిలో సూది నిలుస్తుందో లేదో డాక్టరు చెప్పలేనన్నాడు.

"లాక్ బాగు చేయించకపోవడం వల్లే ఇది జరిగింది. ఓనరు జవాబు చెప్పాల్సిందే. కానీ పాడైందని తనకెవరూ చెప్పలేదంటున్నాడు" అన్నాడు ఆవిడ పెట్టుకున్న లాయరు. ఒక కాగితం ముందుకు జరిపాడు. "పైగా, బాగానే ఉందని మీరే రాసిచ్చారట. సంతకం మీదేనా?"

సూదమ్మ తల వంచుకుంది.

"ఆయనకు ముందే తెలుసని చూపించగలిగితే తప్ప కేసు నిలవదమ్మా."

రెండు నెలల తరవాత లాయరే కబురు పెట్టాడు. బల్ల మీద పాత కవరు ఉంది.

"కేసు నిలుస్తుంది. ఈ ఇల్లు కొన్న రోజు మీ ఓనరు రాసిచ్చిన ముక్క ఇది."

ఆవిడ చదివింది. 'వీధి తలుపు లాక్ పాడైందని నాకు తెలుసు. నెల లోపల మార్పిస్తాను.' కింద ఓనరు సంతకం.

"ఇది మీకెవరిచ్చారండీ?"

"తాడు తాత కోడలు. మీ సంగతి విన్నప్పటి నుంచీ ఆయన ఇదే వెతికాడట."

"ఆయన ఎక్కడుంటారు? నేనే వెళ్ళి కాళ్ళ మీద పడతాను."

"ఆయన పోయి వారమైందమ్మా."

సూదమ్మ ఆ ముక్కను మడిచి కవరులో పెట్టబోయింది. కవరులో ఇంకో కాగితం మిగిలి ఉంది. పాత కోర్టు తీర్పు. అదే ఇల్లు. అదే లాక్. మూడో అంతస్తు మలుపు, మధ్యాహ్నం వేళ, అద్దెకున్న ఒక ఆడపిల్ల.

"అయ్యో... ఆ అమ్మాయి తండ్రా ఆయన?"

"కాదమ్మా," అన్నాడు లాయరు, "లాక్ బాగు చేయించలేదు కాబట్టి ఆ అమ్మాయికి జరిగిన దానికి బాధ్యుడని కోర్టు తేల్చిన పాత ఓనరు."