మళ్లీ పాడైన చాకు

పెద్దాయన జేబులోంచి చాకు తీసి బల్ల మీద పెట్టగానే ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పోయిన వారమే బాగుచేసి ఇచ్చిన మడత చాకు అది. ఎర్ర ప్లాస్టిక్ పిడి, పలచటి ఇనుము, కుప్పపోసి అమ్మే రకం. అప్పుడు మొద్దుబారి వచ్చింది. ఇప్పుడు చీల వదులై, ముట్టుకుంటే చాలు లొడలొడమంటోంది.

ఏం చేశారని అడిగింది.

పెన్సిల్ చెక్కానన్నాడు.

పెన్సిల్ చెక్కితే చీల వదులవడమేమిటో ఆమెకు బోధపడలేదు. ఇంతకంటే కొత్తది కొనుక్కోవడం మేలని చెప్పి చూసింది. పెద్దాయన వినలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

నిజానికి ఆమె పనితనమే అంతంత మాత్రం. కత్తులకు సాన పట్టే ఈ దుకాణం భర్తది. ఆయన పోయాక తాళం వేయడానికి మనసొప్పక తెరిచి కూర్చుంది గానీ, ఆయన చేస్తుంటే చూడటమే తప్ప ఏనాడూ చక్రం తిప్పి ఎరగదు. వచ్చినవాళ్లలో సగం మంది ఆమెను చూసి, సంచిలోంచి కత్తి తీయకుండానే వెనుదిరిగేవారు.

దుకాణం అద్దెకిచ్చి తన ఇంటికి వచ్చెయ్యమని తమ్ముడు ఒకటే పోరు. వంటగది పక్కన అక్క కోసం చిన్న గది కూడా ఖాళీ చేయించాడు. ఆ గది తలుచుకుంటేనే ఆమెకు ఊపిరాడేది కాదు.

"పోనీ, బావకి పని నేర్పిన ఆయన ఉన్నాడుగా. వెళ్లి నేర్చుకో అక్కా," అన్నాడు ఒకరోజు.

"ఆ సానరాయి దగ్గరా? నేర్పిస్తానని కబురు పంపితేనే వద్దన్నాను. మీ బావని అరగదీసి వదిలిన మనిషి. నా గుమ్మం తొక్కనివ్వను."

సానరాయి అన్నది ఆమె భర్త తన గురువుకు పెట్టిన పేరు. ఏం తప్పు జరిగిందో నోరు విప్పి చెప్పకుండా, చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించేవాడట. చివరికి పోట్లాడి బయటికొచ్చి భర్త ఈ దుకాణం పెట్టుకున్నాడు. ఆమె ఆ గురువుగారిని చూసింది లేదు, చూడాలనీ లేదు.

చాకు పెద్దాయనతో అలాంటి బాధేం లేదు. ఉన్నదల్లా దగ్గు. ఆమె చక్రానికి చాకు ఆనించిందో లేదో, ఖళ్లుమనేవాడు. ఆమె ఉలిక్కిపడి చాకు వెనక్కి తీసేది. దుమ్ము ఆయన మీదికి పోకుండా కాస్త వాల్చి పట్టుకునేది. దగ్గు ఆగేది. ఇనుము వేడెక్కిందంటే మళ్లీ దగ్గు. ఆమె చాకుని నీళ్లలో ముంచి, ఆయనకో గ్లాసు నీళ్లిచ్చేది.

ఆ తర్వాత చాకు మొన విరిగి వచ్చింది. ఆ తర్వాత పిడి పగిలి వచ్చింది. ఎలాగని అడిగితే ఒకసారి యాపిల్ కోశాననేవాడు, ఒకసారి దారం తెంపాననేవాడు. ఒక్క మనిషి ఒక్క చాకుని ఇన్ని రకాలుగా ఎలా పాడు చేయగలడో, ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా ఆమెకు అంతుచిక్కలేదు.

ఈలోగా తోటమాలి మొన విరిగిన కత్తి తెచ్చాడు. చెప్పులు కుట్టే ఆయన పిడి ఊడిన కత్తి తెచ్చాడు. ఆ జబ్బులన్నీ పెద్దాయన చాకుకి ముందే వచ్చి పోయినవి కావడంతో ఆమె తడుముకోకుండా చేసిచ్చింది. అంతా తన అదృష్టమనుకుంది.

తమ్ముడు అద్దెకు దిగే మనిషిని వెంటబెట్టుకొచ్చి గోడలు కొలిపిస్తున్న రోజున పెద్దాయన మళ్లీ దిగాడు. ఈసారి చాకు లోపలి స్ప్రింగు రెండు ముక్కలు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"మీకు వేరే పనీపాటా లేదా పెద్దాయనా? మీ చేతిలో ఇనుము కూడా బతికి బట్టకట్టదు. ఇంకోసారి ఈ దిక్కుమాలిన చాకు తీసుకుని నా దుకాణానికి రాకండి."

నోరు తిడుతూనే ఉంది, చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. పాత రంపం ముక్కని అరగదీసి స్ప్రింగు చేసింది. బిగించింది. చీల కొట్టింది. అంచుకు సాన పట్టింది. చాకు టక్కున తెరుచుకుంది, టక్కున మూసుకుంది.

గోడలు కొలిచే మనిషి టేపు పక్కన పెట్టి అదే చూస్తున్నాడు. ఇంత మంచి దుకాణం ఎందుకు తీసేస్తున్నారని తమ్ముణ్ణి అడిగాడు. తమ్ముడు టేపు చుట్టి ఆయన చేతికిచ్చాడు.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. పెద్దాయన ఇంతసేపట్లో ఒక్కసారీ దగ్గలేదు.

"దగ్గు తగ్గినట్టుందే," అంది, తిట్టినందుకు సిగ్గుపడుతూ.

"తగ్గిందమ్మాయ్," అని చాకు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు. దుకాణం నిలబడింది, చేతి నిండా పని. అయినా గుమ్మంలో నీడ పడితే ఆమె కళ్లు ఎర్ర పిడి కోసమే వెతికేవి. వస్తే క్షమించమని అడగాలనుకుంది.

ఒక మధ్యాహ్నం ఎవరో ఆవిడ ఆ చాకు పట్టుకుని వచ్చింది.

"నాన్న పోయారండీ. ఇది మీకివ్వమన్నారు."

ఆమె చక్రం ఆపేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాదే తప్పు. అంత దగ్గు పెట్టుకుని ఈ దుమ్ములో కూర్చుంటుంటే బయటికి పంపలేకపోయాను."

వచ్చినావిడ తికమకగా చూసింది.

"నాన్నకి దగ్గేమిటండీ? ఆ జబ్బే లేదు. శిష్యుల చెయ్యి తప్పినప్పుడు నోటితో అనలేక అలా దగ్గేవారు."

"శిష్యులా?"

"ఈ చాకుని ప్రతిసారీ ఇంట్లో కూర్చుని తనే పాడుచేసేవారు. ఎందుకు నాన్నా అంటే, ఆ అమ్మాయి నన్ను గుమ్మం తొక్కనివ్వదు, చాకు అయితే రానిస్తుంది అనేవారు. మీ ఆయన పెట్టిన పేరు చెప్పుకుని ఎంత నవ్వేవారో... సానరాయి అని."