ఒబిదుష్ కోట గోడ

పోర్చుగల్ యాత్రలో జనార్ధన్ ఒబిదుష్ కోట గోడ ఎక్కి, శామీర్‌పేట దగ్గర సొంతూళ్లో ఉన్న భార్యకు వీడియో కాల్ చేశాడు.

"సూడు బాలమణీ, వందల ఏండ్ల నాటి గోడ! ఒక్క రాయి గూడ కదల్నియ్యలే. పానం లెక్క కాపాడుకున్నరు వీళ్లు."

గోడను నిమురుతుంటే అతని కళ్లు చెమర్చాయి.

 బాలమణి వెనక జేసీబీ మోత వినిపిస్తోంది.

"ఏందా సప్పుడు?"

"మీ తాతలు కావలి ఉన్న బురుజు కూలగొడుతున్రు. నువ్వే జెప్పిపోతివి గద."

"ఇంకా కాలేదా? జల్దీ కానియ్యమను," విసుక్కున్నాడు జనార్ధన్. "ఆ జాగలనే మన ప్లాట్ల వెంచర్ గేటు లేపాలె. అచ్చం గీ కోట లెక్క. ఫోటోలు పంపుతున్న. సిమెంటు మీద గీ రాళ్ల రంగే ఏపిద్దాం."