వాయిదా బండి

"ఆగవయ్యా. ముందా గొలుసు తియ్యి," అంటూ వెర్నీస్ చెప్పులైనా వేసుకోకుండా వాకిట్లోకి వచ్చిపడింది.

ఆమె కారు ముందు చక్రాల దగ్గర ఒకాయన బోర్లా పడుకుని ఉన్నాడు. పక్కన టోయింగ్ లారీ గుర్రుగుర్రుమంటోంది. వాయిదాలు కట్టనివాళ్ళ కార్లు పట్టుకుపోవడానికి ఫైనాన్స్ కంపెనీ పంపిన మనిషని వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే ఆ గొలుసు ఎక్కడ తగిలించాలో తెలియక నానా తంటాలూ పడుతున్నాడు. పైగా ఇస్త్రీ ప్యాంటు.

"కొత్తా?" అంది.

"ఈ మధ్యే చేరానమ్మా," అన్నాడాయన లేచి మోకాళ్ళు దులుపుకుంటూ. "మీ వాయిదాలు ఆగిపోయాయి. నా మీద కోపం తెచ్చుకుని లాభం లేదు."

"ఎందుకాగాయో అడిగారా మీవాళ్ళు? నేను జూలో ఏనుగుల్ని చూసుకుంటాను. గవర్నమెంటు ఉద్యోగం. వాషింగ్టన్‌లో పెద్దలు బడ్జెట్ దగ్గర కొట్టుకుని గవర్నమెంటుకి తాళం వేశారు. నాకు జీతం ఆపారు గానీ పని ఆపలేదు. షట్‌డౌన్ అంటే ఏనుగులకేం తెలుస్తుంది? తెల్లారేసరికి మేత పడాలి. వాటికి పూట తప్పకుండా పడుతూనే ఉంది. నేనే నూడుల్స్ మీద బతుకుతున్నాను."

పక్కింటి డన్‌లీవీ మామ్మ అప్పటికే కాఫీ కప్పుతో వచ్చి తన మెట్లమీద స్థిరపడింది. "కారు పోతే ఏనుగునెక్కి వెళ్ళవే వెర్నీస్. దానికి పెట్రోలు ఖర్చు కూడా ఉండదు," అంది.

"మీరుండండి మామ్మగారూ." వెర్నీస్ మళ్ళీ ఆయనవైపు తిరిగింది. "మన కౌంటీవాళ్ళు రూలు పెట్టారు, తెలుసా? గవర్నమెంటు మూతపడి జీతం రాని ఉద్యోగిని ఇల్లు ఖాళీ చేయించకూడదు, బండి పట్టుకుపోకూడదు."

"తెలుసమ్మా. కానీ జీతం రావడం లేదని మీ ఆఫీసు నుంచి కాగితం చూపించాలి."

"ఆ కాగితం మీద సంతకం పెట్టేవాడు సెలవులో ఉన్నాడు."

"మరి రూలు..."

"ఆ రూలు రాసినవాడి బుర్రలో మా ఏనుగు పేడ ఉంది. ఆఫీసు మూతపడిందని ఆ మూతపడిన ఆఫీసే రాసివ్వాలట."

మామ్మకి కాఫీ పొలమారింది. ఆయనకీ నవ్వొచ్చింది గానీ దగ్గుతో కప్పేసుకున్నాడు. "మెయిల్ పెట్టి చూడకపోయారా?"

"పెట్టకేం. సెలవులో ఉన్నానని దానంతటదే జవాబొస్తోంది. ఎవడో ఆ మహానుభావుడు, నేనెప్పుడూ మొహం చూసిన పాపాన పోలేదు. వాళ్ళ ఆఫీసు ఊరికి ఇంకో మూల. ఈపాటికి సోఫాలో కాళ్ళు బారజాపుకుని, చిప్స్ నములుతూ టీవీ చూస్తుంటాడు. ఒక్క సంతకం పెడితే వాడి చెయ్యి పడిపోతుందా?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "అలా అనకండి. గవర్నమెంటు జీతం లేకుండా సెలవులో పంపించిన మనిషి ఆఫీసు పని ముట్టుకుంటే నేరం. జైల్లో పెట్టినా పెడతారు."

"నీకెలా తెలుసు?"

"ఈ చుట్టుపక్కల తెలియనిదెవరికి? ఇంటికో గవర్నమెంటు ఉద్యోగి. అయినా ఆయన టీవీ చూస్తున్నాడని మీరు చూశారా? ఆయనకీ అద్దె ఉంటుంది, పిల్లలుంటారు."

"నువ్వేంటయ్యా, వాడి తరఫు ప్లీడరువా? వాడి మీద అంత జాలి ఉన్నవాడివి నా మీద ఓ పిసరు చూపించొచ్చుగా." అంతసేపూ దబాయించిన వెర్నీస్ అక్కడ బతిమాలుడులోకి దిగింది. "బండి పోతే రేపు పనికి వెళ్ళలేను. తెల్లవారుజామున అటు బస్సులుండవు. రాలేదని ఉద్యోగం తీసేస్తే, రేపు గవర్నమెంటు తెరిచినా నాకు ఒరిగేదేం లేదు."

ఆయన కారుని చూశాడు. లారీని చూశాడు. మళ్ళీ బోర్లా పడుకున్నాడు. ఇక అయిపోయిందనుకుని వెర్నీస్ కళ్ళు మూసుకుంది. గొలుసు గలగలమంది. కళ్ళు తెరిచేసరికి అది లారీలో పడి ఉంది. కారు ఉన్నచోటే ఉంది.

"మీ బండి నాకిక్కడ కనబడలేదు," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "మామ్మగారూ, మీకేమైనా కనబడిందా?"

"కళ్ళజోడు లేందే నాకు నా ఇల్లే కనబడదు నాయనా," అంది మామ్మ, ముక్కు మీది కళ్ళజోడు పైకి తోసుకుంటూ.

వెర్నీస్‌కి నమ్మబుద్ధి కాలేదు. "కాగితం చూడకుండానే నమ్మేశావా?"

"మీకు జీతం రావడం లేదని నాకు తెలుసులెండి. ఉత్త చేతుల్తో వెళ్తే నాకు కూలి రాదు, అంతే." లారీ ఎక్కబోతూ ఆగాడు. "ఆ ఆఫీసుకి ఓసారి ఫోన్ చేసి మెసేజ్ పెట్టండి. తెరవగానే వింటారు. కాస్త మర్యాదగా మాట్లాడండి, పాపం."

వెనక్కి తీస్తూ చెత్తడబ్బాని ఓసారి, దాన్ని తప్పించబోయి పోస్టు డబ్బాని ఓసారి గుద్ది, లారీ ఎలాగో సందు దాటింది.

"చూశారా మామ్మగారూ, మనిషికి నోరుండాలి," అంది వెర్నీస్ కారు బానెట్ నిమురుతూ. "ఇప్పుడా సోఫా వీరుడి పని పడతాను, వినండి."

ఆఫీసు నంబరు వెతికి నొక్కింది. మామ్మకి కూడా వినబడేలా స్పీకర్ పెట్టి, తిట్టాల్సినవన్నీ మనసులో ఓసారి వరస చేసుకుంది. అవతల రింగు ఆగి రికార్డు మొదలైంది.

"హలో. ఇది ఉద్యోగుల విభాగం. ప్రభుత్వం మూతపడినందువల్ల నేను సెలవులో ఉన్నాను. మీ పేరు, మీ పని చెప్పండి," అంది ఫోను, ఇప్పుడే లారీ ఎక్కి వెళ్ళినాయన గొంతుతో.