వీధి తలుపు చెప్పిన అబద్ధం

ఇప్పుడు సందర్శకుల కోసం ప్రతి పాత ఇంటికీ మాట్లాడే యంత్రం బిగించి నోరు పెడుతున్నారు. తలుపు తీయగానే ఇల్లే తన చరిత్ర చెబుతుంది. పెడనలో మా ఇంటికి నిన్న పెట్టారు.

"ఇది ఒక జమీందారు గారి విడిది. గచ్చు మీది ఎరుపు ఆయన వసంతోత్సవాల గుర్తు," అంది వీధి తలుపు తియ్యటి గొంతుతో.

నాకు ఒళ్లు మండిపోయింది. "అబద్ధం! ఈ ఇల్లు కట్టింది మా ఆవిడ ముత్తవ్వ మహంకాళమ్మ. బట్టలకు అద్దకం వేసి ఒక్కో గదీ లేపింది. ఆ ఎరుపు ఆవిడ రంగు కాగులోంచి ఒలికింది."

"ధన్యవాదాలండీ. సందర్శకులు జమీందారు కథనే ఇష్టపడుతున్నారు."

"నోర్ముయ్!" అని అరిచాను. పోయిన మా ఆవిడ కూడా నా నోట ఆ మాట వినలేదు. తెల్లారితే మనవరాలు తన క్లాసు పిల్లల్ని తీసుకొస్తుంది. వాళ్లందరూ ఈ అబద్ధాన్నే నమ్మి వెళ్తారు.

యంత్రం బిగించిన వల్లిక ఆ మరకను తొక్కకుండా పక్కకు జరిగి నిలబడింది.

"పీకెయ్యమ్మా దీన్ని."

"పీకితే నా ఉద్యోగం ఊడుద్ది బాబాయ్ గారూ. అయినా వీధి తలుపు తీస్తేనేగా ఇది వాగేది!"

అద్దకం వాళ్ల ఇళ్లకు ముఖం కాలువ వైపు. ఉతికిన గుడ్డలు, పనివాళ్లు, కొత్త కోడళ్లు అందరూ ఆ గుమ్మంలోంచే వచ్చేవారు. వీధి వైపున్నది పెరటి తలుపని యంత్రం వాళ్లకు తెలియదు.

ఆ తలుపుకు మేకులు కొట్టాను. అన్నీ కొట్టినా కోపం చల్లారలేదు.

ఇవాళ పిల్లలు కాలువ మెట్లెక్కి వచ్చారు. "ఎవరు కట్టారు తాతయ్యా ఈ ఇల్లు?" అంది మనవరాలు. వీధి అవతలికి కూడా వినపడేలా చెప్పాను.