నీలి కళ్ల పురుగు

“అమ్మా, ఇదేం పురుగు?”

బాల్కనీలోంచి ఛాయ కేక వేసింది. సంతోషి మీటింగ్ మధ్యలోనే లాప్‌టాప్ వదిలేసి పరుగెత్తింది.

నందివర్ధనం కుండీ పక్కన నేల మీద కూర్చుని ఉంది ఛాయ. అరచేతిలో వేలెడంత లావుపాటి ఆకుపచ్చ పురుగు. ఒంటికి రెండు పక్కలా తెల్లటి చుక్కలు. తోక దగ్గర చిన్న కొమ్ము. తల వెనక గుండ్రంగా, నీలంగా రెండు కళ్లు. అవి నేరుగా సంతోషినే చూస్తున్నాయి.

“పారెయ్! విషప్పురుగేమో!”

ఛాయ గుప్పిట మూసేసింది. “పేరు చెప్తేనే వదుల్తా.”

సంతోషి చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకుంది. వేళ్లు బలవంతంగా విడదీయాలంటే భయం. కిందటి వారం చీమల మందు డబ్బా చేతిలోంచి లాక్కుంటే ఛాయ గోడకేసి తల కొట్టుకుంది. నుదుటి మీద వాపు ఇంకా తగ్గనే లేదు.

“గొంగళిపురుగు.”

“కాదు.”

“ఆకుపురుగు.”

“కాదు. దీనికి పేరుంది.”

“ఏం పేరు?”

ఛాయ ఆలోచించింది. పెదాలు కదిలాయి. మాట రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“నువ్వే చెప్పాలి. నువ్వు అమ్మవి కదా!”

సంతోషి బతిమాలి గుప్పిట కాస్త తెరిపించి ఫొటో తీసింది. ఫోన్‌లోని యాప్ ఆ ఫొటో చూసి పాము అంది. పక్కింటి సత్తమ్మను పిలిస్తే ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఇదేం కండ్ల పురుగు బిడ్డా! గిట్లాంటిది నేనెన్నడు సూడలే. చెప్పుతోని ఒక్కటేస్తే పీడ పోతది.”

ఆ మాట విని ఛాయ బీరువా వెనక్కి వెళ్లి నక్కింది.

సత్తమ్మను కాపలా ఉంచి, సంతోషి స్కూటీ తీసింది. నాచారం నుంచి ఉప్పల్ చౌరస్తా దాకా ట్రాఫిక్‌లో పడి వెళ్లింది. నర్సరీ నడిపే మహిపాల్ ఫొటో చూసీ చూడకముందే ఒక సీసా తీసి ముందు పెట్టాడు.

“పేరుతోని ఏం పని మేడం? ఈ మందు కొట్టున్రి. పొద్దుగాలకల్ల అన్నీ రాలిపోతయి.”

“చంపడానికి కాదండీ. పేరు కావాలి.”

అతను ఆమెను వింతగా చూశాడు.

ఇంటికొచ్చేసరికి పళ్లెంలో అన్నం అలాగే ఎండిపోయి ఉంది.

“నీళ్లు గూడ తాగలే బిడ్డా,” అంది సత్తమ్మ. “గుప్పిట్ల వెట్టుకోని ఒక్కతీరుగ గదే అడుగుతున్నది. నాకు గూడ ఏడుపొస్తున్నది.”

సంతోషి అన్నం మళ్లీ కలిపి తెచ్చింది. “ఒక్క ముద్ద తిను తల్లీ. నీకు దండం పెడతా.”

ఛాయ పెదాలు బిగించి గుప్పిట చాపింది. పురుగు కదలడం లేదు. నీలి కళ్లు మాయమయ్యాయి.

“కళ్లు మూసుకుంది. చచ్చిపోతోందా అమ్మా?”

సంతోషి పళ్లెం పక్కన పెట్టేసింది. వంటింట్లోకి వెళ్లి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. లోపల లాప్‌టాప్ ఆఫీసు కాల్స్‌తో మోగుతూనే ఉంది.

చివరికి ఫోన్‌లో ఒక నంబర్ దగ్గర ఆమె వేలు ఆగింది. హృషికేశ్. పురుగుల మీద పరిశోధన చేస్తాడు. ఇంటి సంగతులు అడుగుతాడేమోనని చాలాకాలంగా అతనికి ఫోన్ చేయడం మానేసింది. పురుగు ఒక్కటే కనపడేలా ఫొటోను కత్తిరించి పంపింది.

వెంటనే అతనే ఫోన్ చేశాడు.

“ఓలియాండర్ హాక్ మాత్ గొంగళి అండీ ఇది. శాస్త్రీయ నామం డాఫ్నిస్ నీరియై. నందివర్ధనం ఆకులంటే దానికి ప్రాణం. పట్టుకుంటే ఏమీ కాదు, భయపడకండి.”

“కళ్లు మూసుకుంది. చచ్చిపోతోందా?”

“అవి కళ్లు కావండీ, మచ్చలు. బెదిరిపోతే ఒళ్లు ఉబ్బించి వాటిని చూపిస్తుంది. దాచుకుందంటే భయం తగ్గిందన్నమాట. ఇంతకీ ఇంట్లో అందరూ...”

“మళ్లీ చేస్తానండీ,” అని సంతోషి పెట్టేసింది.

బీరువా వెనక మోకాళ్ల మీద కూర్చుని మెల్లగా చెప్పింది. “డాఫ్నిస్ నీరియై.”

ఛాయ మొహం వెలిగిపోయింది. “అదే! అదే!”

లేచి వెళ్లి గుప్పిట విప్పింది. పురుగును నందివర్ధనం ఆకు మీద జాగ్రత్తగా దించింది. అది కదిలింది. ఛాయ తిరిగొచ్చి నోరు తెరిచింది. నాలుగు ముద్దలు తిన్నాక ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

“నీకెవరు చెప్పారమ్మా ఆ పేరు?”

“నీ దగ్గర జువాలజీ చదువుకున్న కుర్రాడే అమ్మా,” అంది సంతోషి, తనను కన్న తల్లి మూతి తుడుస్తూ.