మామ్మగారి కృతజ్ఞత కూడిక

క్రాంతి కుమార్ అరుగు మీద కూర్చుని సిగరెట్టు వెలిగించబోయాడు. ఎదురింటి దేవకుమారి మామ్మగారు గబగబా వచ్చి అగ్గిపెట్టె లాక్కుని కొంగున ముడేసుకున్నారు.

"అది మానెయ్యి బాబూ. నువ్వు గుండె జాగ్రత్తగా చూసుకోవాలి."

"నాది గుండెజబ్బు కాదండీ."

"తెలుసు. మీ అమ్మ చెప్పింది. ఆ జబ్బున్నవాళ్ళకి గుండెపోటు భయం ఎక్కువ. అందుకే గుండె జాగ్రత్త అంటున్నాను."

క్రాంతికి ఒళ్ళు మండింది. బైపోలార్ అని ఏలూరు డాక్టరుగారు చెప్పి నెల కూడా కాలేదు. కొన్నాళ్ళు నిద్రే పట్టనంత హుషారు, కొన్నాళ్ళు మంచం దిగబుద్ధి కానంత దిగులు. ఆకివీడుకి వాళ్ళే కొత్త. ఈవిడెవరో తెలియదు. అమ్మ అప్పుడే సంగతంతా వీధిలో పెట్టేసిందన్నమాట.

మర్నాడు తెల్లారేసరికి మామ్మగారు తలుపు తట్టారు.

"పద, గట్టు దాకా నడిచొద్దాం."

ఇక అది రోజూ ఉన్నదే. చేపల చెరువు గట్టు మీద ఎనభై దాటిన మనిషి ముందు, ముప్పై నిండని వీరుడు ఆయాసపడుతూ వెనక. గూడబాతులు ఆకాశంలో బారుగా పోతుంటే ఆవిడ ఆగిపోయి, మొదటిసారి చూస్తున్నట్టు చూసేవారు. ఇంత ప్రాణం ఈవిడకి ఎక్కడిదా అని క్రాంతి ఆశ్చర్యపోయేవాడు.

"మాత్రలు వేసుకుంటున్నావా?"

"మానేశానండీ. ఈ జబ్బున్నవాళ్ళు తొందరగా పోతారట. ఫోన్‌లో చదివాను."

మామ్మగారు పకపకా నవ్వారు.

"శుక్రవారం మా ఇంట్లో కృతజ్ఞత కూడిక ఉంది. ఏటా పెట్టుకుంటాను. నువ్వు తప్పకుండా రావాలి."

పుట్టినరోజు కాబోలు అనుకున్నాడు. వాళ్ళ చర్చి సంఘంలో పుట్టినరోజుకి ప్రార్థన కూడిక పెట్టుకోవడం మామూలే. తను నలభై చూస్తాడో లేదో తెలియదు, ఎనభై దాటినవాళ్ళ కేకు తినడమేమిటని వెళ్ళలేదు. ఎదురింట్లోంచి పాటలు వినిపిస్తుంటే కిటికీ మూసుకున్నాడు.

ఆదివారం తెల్లారి ఎవరూ తలుపు తట్టలేదు. మామ్మగారు నిద్రలోనే వెళ్ళిపోయారు.

శవపెట్టె పక్కన, కిందటేడే టీచరుగా రిటైరైన కూతురు విక్టోరియా కూర్చుని ఉంది. క్రాంతి ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"మామ్మగారు పుట్టినరోజుకి పిలిచారండీ. నేనే రాలేదు."

"క్రాంతి అంటే మీరేనా?" అంది విక్టోరియా. "దేవుడు తనకి చేసిన మేలు గురించి అమ్మ ఎన్నడూ చెప్పని సాక్ష్యం ఈసారి అందరి ముందూ చెబుతానందండీ. ఆఖరి పాట దాకా గుమ్మం వైపే చూసింది. మీరు రాలేదని మళ్ళీ తనలోనే దాచుకుంది."

"ఏం సాక్ష్యమండీ?"

"అది పుట్టినరోజు కాదండీ. మీకున్న జబ్బే అమ్మకీ ఉందని డాక్టరుగారు చెప్పిన రోజు. అప్పటికి నేనింకా అమ్మ కడుపులోనే ఉన్నాను."